మొదటి డికాక్షన్ తెలియని యంత్రం

మా ఇంట్లో కాఫీ తాగేది నేనొక్కణ్ణే. మా ఆవిడది టీ, పిల్లలవి పాలు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఈ శివారులో కాపురం పెట్టిన మొదటి కొన్నేళ్ళు తెనాలి నుంచి తెచ్చుకున్న స్టీలు ఫిల్టరుతోనే నెట్టుకొచ్చాను. పొద్దున్న ఏడున్నరకే మీటింగులు మొదలయ్యే ఉద్యోగంలో పడ్డాక మాత్రం, ఒక్క గ్లాసు కాఫీ కోసం నీళ్ళు మరిగించి, పొడి వేసి, డికాక్షన్ దిగేదాకా ఫిల్టరు ముందు నిలబడి, ఆ తరవాత నాలుగు గిన్నెలు కడుక్కోవడం బరువనిపించింది. అలా ఒక్క కప్పు కాఫీ యంత్రం మా వంటింట్లోకి వచ్చింది. ఇప్పటికి రెండు యంత్రాలు వాడాను. మొదటిది పధ్నాలుగు నెలలు బతికింది, రెండోది రెండున్నరేళ్ళుగా పని చేస్తూనే ఉంది. ఈ సమీక్ష రెండోదాని గురించే అయినా, మొదటిది ఎందుకు పోయిందో చెప్పకుండా రెండోదాన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్పలేను. రెండూ కే-కప్ పాడ్లు తీసుకునేవే, వేర్వేరు కంపెనీలవి. వాటి పేర్లు చెప్పబోవడం లేదు, ఎందుకంటే నేను రాసే మంచి చెడ్డలు ఈ జాతి యంత్రాలన్నిటికీ దాదాపు ఒకే రకంగా వర్తిస్తాయి.

తెలియనివారి కోసం ముందు ఆ యంత్రం పనితీరు. కే-కప్ అంటే అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ డబ్బా, పాడ్ అన్నా ఇదే. లోపల కాగితపు వడపోత, అందులో తొమ్మిది నుంచి పన్నెండు గ్రాముల కాఫీ పొడి, పైన రేకు మూత ఉంటాయి. డబ్బాను గూట్లో పెట్టి పిడి కిందికి నొక్కగానే పైనుంచి ఒక సూది రేకును, కిందినుంచి ఇంకో సూది అడుగును పొడుస్తాయి. వేడినీళ్ళు పై సూది గుండా దిగి, పొడిని తడిపి, కింది సూది గుండా కప్పులో పడతాయి. ఒకటి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. జాన్ సిల్వాన్, పీటర్ డ్రాగోన్ అనే ఇద్దరు 1992లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన క్యూరిగ్ కంపెనీ 1998లో ఈ యంత్రాలను ఆఫీసులకు అమ్మింది, 2004లో గానీ ఇళ్ళకు తేలేదు. ఇది ఆఫీసు కోసం పుట్టిన సరుకన్న సంగతి గుర్తుపెట్టుకుంటే దీని గుణగణాలు సగం అర్థమవుతాయి: ఎవరి కప్పు వారిది, ఎవరూ ఏదీ కడగనక్కర్లేదు, రుచి మాత్రం అందరికీ మధ్యరకం. 2012లో ఆ డబ్బా మీది ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరింది, అప్పటినుంచి ఎన్నో కంపెనీలు పాడ్లూ యంత్రాలూ చేస్తున్నాయి. 2014లో క్యూరిగ్ తెచ్చిన కొత్త తరం యంత్రం మూత మీది సిరా గుర్తును చదివి, తాము ఒప్పుకోని పాడ్లను తోసిపుచ్చేది. దాంతోపాటు సొంత పొడి వేసుకునే జాలి గిన్నెకు కూడా దారి మూసేశారు. కొన్నవాళ్ళు గట్టిగా గొడవ చేస్తే, 2015లో ఆ గిన్నెను మళ్ళీ తేక తప్పలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పొడి మనం వేసుకోనివ్వని యంత్రం ఎంత చవకగా వచ్చినా మన ఇళ్ళకు పనికిరాదు. కొనేముందు పెట్టె మీద మొట్టమొదట చూడవలసింది అదే.

రుచి సంగతికొస్తే, మొదటి నెలంతా నేను నన్ను నేను మోసం చేసుకున్నాను. యంత్రం మీద 6, 8, 10 ఔన్సుల బొత్తాలు ఉన్నాయి. 8 ఔన్సులంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. పది గ్రాముల పొడిలోంచి పావు లీటరు నీళ్ళు పోతే వచ్చేది పాలు కలుపుకోకుండా తాగే అమెరికన్ కాఫీ. దానికి అది సరైన కొలతే, తప్పు పట్టనక్కర్లేదు. మనం మాత్రం అదే పది పన్నెండు గ్రాముల పొడికి యాభై అరవై మిల్లీలీటర్ల డికాక్షన్ తీసి, వంద మిల్లీలీటర్ల చిక్కటి పాలు కలుపుకునే జాతి. ఈ పావు లీటరు గోధుమరంగు నీళ్ళలో పాలు పోస్తే పాలూ పాడవుతాయి, కాఫీ కూడా మిగలదు. పొడి పాలు, క్రీమర్లు, బ్రౌన్ షుగర్ అన్నీ అయ్యాయి. డార్క్ రోస్ట్ అని రాసి ఉన్న పాడ్లు తెచ్చాను, చేదు పెరిగింది తప్ప చిక్కదనం పెరగలేదు.

ఆ చిక్కుముడి విప్పింది మా అమ్మ. విజిటర్ వీసా మీద వచ్చిన మర్నాడు పొద్దున్న నేను గొప్పగా బొత్తం నొక్కి, పాలు కలిపి, గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇది మూడో డికాక్షన్ నాన్నా, మొదటిదేం చేశావు?" అంది. యంత్రంలో మొదటిదీ రెండోదీ ఉండవని, అంతా ఒకటేనని నేను వివరించాను. ఆవిడ ఏమీ అనలేదు. తరవాతి రోజు యంత్రం ముందు నిలబడి, గొట్టంలోంచి పడుతున్న ధార వంక పరీక్షగా చూసింది. మొదట నల్లగా, నూనె మెరుపుతో, నురగ కడుతూ పడుతున్న ధార ఇరవై ముప్పై సెకన్లలో తేనె రంగుకు, ఆ తరవాత గడ్డి రంగుకు దిగిపోయింది. "అదిగో, ఇక్కడితో అయిపోయింది, మిగతాదంతా గిన్నె కడిగిన నీళ్ళే" అంటూ గ్లాసు పక్కకు లాగి, దాని చోట ఖాళీ కప్పు పెట్టేసింది. గ్లాసులో పడ్డది ఎనభై తొంభై మిల్లీలీటర్లకు మించదు. దానికి సమానంగా కాచిన పాలు, చెంచాడు పంచదార కలిపి, రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు తిరగపోసింది. అది ఇంటి కాఫీ అని చెప్పలేను గానీ, కాఫీ అని చెప్పగలను.

అన్నాళ్ళూ నా చేతికి అందని సంగతి అది. ఫిల్టరులో మొదట దిగిన డికాక్షన్ ఇంటాయనకీ చుట్టాలకీ, మళ్ళీ నీళ్ళు పోసి దింపిన రెండోది సర్దుబాటుకీ అన్న లెక్క తెలిసిన ఇంట్లో పుట్టి కూడా, యంత్రం ముందు నిలబడేసరికి ఆ జ్ఞానం పక్కకు పోయింది. పొడిలోని రుచి, రంగు, వాసన అన్నీ నీళ్ళలో త్వరగా కరిగేవే మొదట వచ్చేస్తాయి. తరవాతి నీళ్ళు మోసుకొచ్చేది ఎక్కువగా వగరు, చేదు. యంత్రానికి ఆ తేడా తెలియదు, ఎన్ని ఔన్సులు నొక్కితే అన్ని ఔన్సులూ పోసేస్తుంది. కాబట్టి ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న రెండో నియమం, యంత్రం ఇవ్వగల అతి చిన్న కప్పు ఎంత అన్నది. 4 ఔన్సుల బొత్తం ఉంటే ఉత్తమం. 6 ఔన్సుల కంటే తక్కువ ఇవ్వనిదైతే కప్పు మార్చుకోవలసిందే. 'స్ట్రాంగ్' అని రాసి ఉండే బొత్తం చాలావాటిలో చేసే పని, నీళ్ళను కాస్త నిదానంగా పంపడం. దానివల్ల లాభం లేకపోలేదు, అయితే నీళ్ళు తగ్గించడంతో వచ్చే లాభం ముందు అది తక్కువే.

మొదటి యంత్రం చావుకు కారణం నేనే అని ఇప్పుడు ఒప్పుకుంటాను, పూర్తిగా కాదు. దానికి వెనక లీటరున్నర పైగా నీళ్ళు పట్టే ట్యాంకు ఉండేది. ట్యాంకులో బొగ్గు వడపోత ఒకటి వేలాడేది. దాన్ని రెండు నెలలకోసారి తప్పకుండా మార్చాను, నీళ్ళు శుద్ధి అవుతున్నాయని నిశ్చింతగా ఉన్నాను. బొగ్గు తీసేది కుళాయి నీళ్ళలోని క్లోరిన్ వాసనను, సున్నాన్ని కాదు. మా ఊరి నీళ్ళకు కెటిల్ అడుగున నెల తిరక్కుండా తెల్లటి పొర కట్టేది నేను చూస్తూనే ఉన్నాను, అదే పొర యంత్రం లోపలి గొట్టాలకూ వేడిచేసే తీగ చుట్టూ కూడా కడుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. సున్నపు పొర వేడిని సరిగ్గా పోనివ్వదు, దారిని ఇరుకు చేస్తుంది. మొదట కాఫీ గోరువెచ్చగా రావడం మొదలైంది. తరవాత 8 ఔన్సులు నొక్కితే 6, ఇంకో నెలకు 5. పంపు మూలిగేది. డీస్కేల్ దీపం, అంటే సున్నం తీయమని చెప్పేది, వెలిగితే బొత్తం రెండుసార్లు నొక్కి ఆర్పేసేవాణ్ణి. ఒకరోజు నీళ్ళు పీల్చుకుని, గుడగుడలాడి, ఒక్క చుక్క కూడా వదలకుండా ఆగిపోయింది. వారంటీ ఏడాదే, దాటి రెండు నెలలయింది. ఫోను చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, "డీస్కేల్ చేశారా?" అని అడిగి, కొత్తది కొనుక్కోవడానికి ఇరవై శాతం తగ్గింపు కూపన్ పంపారు. పెట్టెలో వచ్చిన పుస్తకంలో డీస్కేల్ గురించి ఎక్కడో చివర ఉన్న మాట నిజమే, బొగ్గు వడపోత మార్చమని మొదటి పేజీలోనే బొమ్మ వేసి చెప్పిందీ నిజమే. బొగ్గు వడపోతలు వాళ్ళే అమ్ముతారు మరి.

రెండోదాన్ని కొనేటప్పుడు ట్యాంకు లేనిదాన్నే వెతికాను. అంటే ఏ కప్పుకాకప్పుకు నీళ్ళు పై గూట్లో పోసుకునే రకం. అరచేయి వెడల్పున సన్నగా ఉంటుంది, అరవై డాలర్లకు వచ్చింది. ఒక్కరే తాగే ఇంటికి ట్యాంకు వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా నీళ్ళు రోజుల తరబడి నిలవ ఉంటాయి. రెండు వారాలు ఊరెళ్ళి వస్తే మొదటి యంత్రం ట్యాంకు గోడల మీద చేతికి జారుడుగా ఒక పొర తగిలేది. తాజాగా పోసిన నీళ్ళకు ఆ బాధ లేదు. మా ఇంట్లో తాగే నీళ్ళ కుళాయికి వేరే ఆర్ఓ వడపోత ఉంది, ఆ నీళ్ళనే పోస్తాను. దానితో సున్నపు బాధ చాలా తగ్గింది. బోరు నీళ్ళు వాడే హైదరాబాదు ఇళ్ళకు ఇది మరీ ముఖ్యమైన విషయం. అయితే పూర్తిగా స్వేదన జలం పోయకూడదు. కొన్ని యంత్రాల్లో నీటిమట్టాన్ని కనిపెట్టే సెన్సరు నీళ్ళలోని లవణాల ఆధారంగానే పని చేస్తుంది, పైగా ఆ నీళ్ళతో కాఫీ చప్పగా ఉంటుంది.

కొత్త యంత్రంలో ఒక లోపం మొదటి రోజే కనిపించింది. కారులో పెట్టుకునే పొడుగాటి మగ్గుల కోసం గొట్టాన్ని ఎత్తులో పెట్టారు. మన స్టీలు గ్లాసు పెడితే ధార జానెడు ఎత్తు నుంచి పడి, చుట్టూ చిందర వందరగా చిమ్ముతుంది, కాఫీ కూడా చల్లారుతుంది. పచ్చడి గిన్నె ఒకటి బోర్లించి, దాని మీద గ్లాసు నిలబెడుతున్నాను. కొనేవాళ్ళు తాము తాగే గ్లాసును దుకాణానికి తీసుకెళ్ళి పెట్టి చూసుకోవడంలో సిగ్గుపడవలసింది లేదు. రెండో లోపం మొదటిదానికంటే పెద్దది: ఈ యంత్రం 1400 వాట్లు లాగుతుంది. అమెరికాలో వంటింటి ప్లగ్గులకు సాధారణంగా 120 వోల్టుల మీద 20 ఆంపియర్ల తీగ వేస్తారు, అంటే 2400 వాట్లే. ఒకే తీగ మీదున్న మైక్రోవేవులో పాలు పెట్టి, ఇటు కాఫీ బొత్తం నొక్కితే బ్రేకరు పడిపోతుంది. రెండుసార్లు గరాజ్‌లోకి పరుగెత్తాక, పాలు గ్యాసు పొయ్యి మీదే కాచుకోవడం అలవాటయింది. కాఫీకి మైక్రోవేవు పాల కంటే పొంగొచ్చిన పాలే మేలు కూడా. తిరిగి వెళ్ళేటప్పుడు ఈ యంత్రాన్ని ఇండియాకు పట్టుకెళ్ళే ఆలోచన మానుకోవాలి, 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మాడిపోతుంది. దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మరు యంత్రం కంటే బరువు.

ఇక సొంత పొడి సంగతి. సన్నటి స్టీలు జాలి ఉన్న చిన్న గిన్నెను పాడ్ బదులు గూట్లో పెట్టుకోవచ్చు. ఇండియన్ స్టోరులో దొరికే ఫిల్టర్ పొడి, ఎనభై అయిదు పాళ్ళు కాఫీ, పదిహేను పాళ్ళు చికోరీ, నిండా వేసి, పైన వేలితో అదిమి, మూత బిగించాను. స్టీలు ఫిల్టరులో బిళ్ళతో అదిమే అలవాటు చేతికి ఉంది కదా. పిడి నొక్కాక యంత్రం కాసేపు గునిసి, పక్కనుంచి ఆవిరి వదిలి, గిన్నె పైనుంచి పొంగి, గ్లాసులో కాఫీతోపాటు వేలెడు మడ్డి దింపింది. పిడి ఎత్తబోయి ఆగాను, అదే నా అదృష్టం. ఒత్తిడి దిగకముందు పిడి ఎత్తితే మరిగే నీళ్ళు, పొడి మొహం మీదికి వస్తాయి. 2014 డిసెంబరులో క్యూరిగ్ తన మినీ ప్లస్ యంత్రాలను సుమారు 70 లక్షలు వెనక్కి పిలిచింది ఇలా వేడి నీళ్ళు చిమ్మడం వల్లనే. నా విషయంలో తప్పు యంత్రానిది కాదు, పొడిది, నాది. మన ఫిల్టర్ పొడి ఈ జాలికి మరీ సన్నం, పైగా చికోరీ తడవగానే జిగురుగా మారి జాలి కళ్ళను పూడ్చేస్తుంది. మనకు గంటసేపు నిదానంగా దిగే డికాక్షన్ కోసం చేసిన పొడి అది, నిమిషంలో తోసుకుపోయే నీళ్ళ కోసం కాదు.

రెండు నెలల ప్రయోగాల తరవాత కుదిరిన పద్ధతి ఇది. గింజలు కొని, సన్నరవ్వ కంటే కాస్త ముతకగా, బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నగా ఆడించుకుంటాను. వైజాగ్ నుంచి వచ్చిన మిత్రుడు తెచ్చిన అరకు అరబికా ఈ యంత్రంలో దిగినంత బాగా ఇంకేదీ దిగలేదు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ గింజలో మెత్తటి పులుపు ఉంటుంది, దాన్ని చికోరీ కప్పెయ్యకుండా ఉంటేనే తెలుస్తుంది. చికోరీ లేకపోతే నోటికి ఆననివాళ్ళు, ముతక పొడిలో అర చెంచాడు ఫిల్టర్ పొడి కలిపితే సరిపోతుంది. అంతకు మించితే మళ్ళీ మడ్డే. గిన్నెను మూడొంతులే నింపాలి, అదమకూడదు, అంచు మీద ఒక్క పలుకు కూడా లేకుండా వేలితో తుడవాలి. అంచు మీది పలుకులే మూతను పూర్తిగా పడనివ్వవు. ఆ తరవాత మా అమ్మ చెప్పినట్టు, రంగు మారగానే గ్లాసు తప్పించడం.

ఖర్చు లెక్క చూసుకుంటే పాడ్ల మీద మోజు తానే తగ్గుతుంది. పెద్ద పెట్టెలో కొన్నా పాడ్ ఒక్కటి యాభై నుంచి ఎనభై సెంట్లు పడుతోంది. అరవై సెంట్లు అనుకుని, లోపల పది గ్రాములు అనుకుంటే, కాఫీ పొడిని కిలో అరవై డాలర్ల చొప్పున కొంటున్నట్టు. నేను కొనే మామూలు గింజలు పౌను, అంటే 454 గ్రాములు, పది పన్నెండు డాలర్లు. కప్పుకు పది గ్రాములైతే దాదాపు పాతిక సెంట్లు. రోజుకు రెండు గ్లాసుల చొప్పున ఏడాదికి 730 కప్పులు. పాడ్లతో 438 డాలర్లు, సొంత పొడితో దాదాపు 180 డాలర్లు. యంత్రం ఖరీదు ఈ తేడాలో నాలుగు నెలల్లోపే తీరిపోతుంది. ఈ పాడ్‌ను కనిపెట్టినవాళ్ళలో ఒకడైన సిల్వానే, వాడకం ఖర్చెక్కువ గనక తన ఇంట్లో ఈ యంత్రం లేదని 2015లో ఒక పత్రికతో అన్నాడు. చెత్త సంగతి కూడా ఆయనకు కష్టంగానే తోచింది. 2020 చివరికల్లా కే-కప్‌లు రీసైక్లింగుకు పనికొచ్చే 5వ రకం ప్లాస్టిక్‌కు మారాయి. మారినంత మాత్రాన మన ఊరి చెత్త కేంద్రం వాటిని తీసుకుంటుందని కాదు. ఆ విషయంలో మదుపరులకు పూర్తి నిజం చెప్పలేదని అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో క్యూరిగ్ కంపెనీకి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ ఆ సొమ్ము కట్టింది. నా జాలి గిన్నెలో మిగిలిన తడి పొడి కరివేపాకు కుండీకి పోతోంది.

కే-కప్ జాతి కాకుండా నెస్ప్రెస్సో జాతి తీసుకుంటే ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. మిత్రుడి ఇంట్లో వారం రోజులు వాడి చెబుతున్నాను. 1986లో మార్కెట్లోకి వచ్చిన ఆ పాత తరహా యంత్రం, అయిదారు గ్రాముల పొడి ఉన్న అల్యూమినియం గుళికలోంచి 19 బార్ల ఒత్తిడి పంపుతో 40 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సో తీస్తుంది. చిక్కదనంలో అది మన డికాక్షన్‌కు చాలా దగ్గర. గ్లాసుకు రెండు గుళికలు వేసి, వంద మిల్లీలీటర్ల పాలు కలిపితే చికోరీ ఒక్కటే తక్కువ. గుళిక ఒక్కటి డాలరుకు కాస్త తక్కువ కాబట్టి, గ్లాసు కాఫీ దాదాపు హోటల్ ధర పడుతుంది. పాత తరహా గుళికలను వేరే కంపెనీలు కూడా చేస్తాయి, వాటిలో చవకవి ఉన్నాయి. 2014లో వచ్చిన వెర్టువో రకం గుళిక అంచు మీది బార్‌కోడ్ చదివి తిప్పే పద్ధతి, దానికి బయటి సరుకు ఎంచుకునే వీలు తక్కువ. పాలతోనే తాగేవాళ్ళు, కడగడం అంటే గిట్టనివాళ్ళు, ఖర్చుకు వెనకాడనివాళ్ళు పాత తరహా నెస్ప్రెస్సో తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. నేను తీసుకోలేదు, ఎందుకంటే నా పొడి నేను ఎంచుకోవాలి.

ఇప్పుడు పోషణ. ప్రకటనలు చెప్పని పని ఇదే, యంత్రం ఎన్నాళ్ళు ఉంటుందో తేల్చేదీ ఇదే. రోజూ చేయవలసింది చిన్నది: కాఫీ అయిపోగానే జాలి గిన్నె తీసి కడగడం, పిడి తెరిచి ఉంచి గూడు ఆరనివ్వడం. వాడిన పాడ్‌ను లోపలే వదిలేస్తే రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది, అది తరవాతి కప్పులో తెలుస్తుంది. వారానికోసారి జాలి గిన్నెను వేడినీళ్ళలో వంటసోడా వేసి అరగంట నానబెడతాను. కాఫీ నూనె గోధుమరంగు పొరగా జాలికి పట్టి, పాత కమురు వాసన ఇస్తుంది. సబ్బు నీళ్ళకు అది సరిగ్గా పోదు.

నెలకోసారి సూదులు. ప్లగ్గు పీకి, పాడ్ కూర్చునే గూడును బయటికి లాగితే దాని అడుగున కింది సూది కనిపిస్తుంది. కాగితాలకు పెట్టే తీగ క్లిప్పును తిన్నగా సాగదీసి, సూది రంధ్రంలోకి దూర్చి మెల్లగా తిప్పితే, మినప్పప్పు గింజంత మడ్డి ముద్ద ఊడిపడుతుంది. పై సూది పిడి లోపల ఉంటుంది, దాన్ని కింది నుంచి తలవంచి చూస్తూ శుభ్రం చేయాలి. అది నిజంగా సూదే, వేలు పెడితే దిగుతుంది. నేను ఒకసారి దింపుకున్నాను. కప్పులో పొడి పలుకులు కనిపించినా, ధార ఒక పక్కకు వంగి పడినా, నూటికి తొంభై వంతులు దోషం ఈ సూదుల్లోనే ఉంటుంది. యంత్రం పోయిందనుకుని పారేసేముందు ఈ అయిదు నిమిషాల పని చేసి చూడాలి. నాకు తేదీలు గుర్తుండవని, ఇండియన్ స్టోరువాళ్ళు ఇచ్చిన పంచాంగం క్యాలెండరులో అమావాస్యకు సూదులు అని మా అమ్మ రాసి పెట్టి వెళ్ళింది. మా ఆవిడకు ఇప్పటికీ అది నవ్వులాటగానే ఉంది, నాకు మాత్రం ఒక్క నెల తప్పలేదు.

మూడు నెలలకోసారి సున్నం తీయడం. కంపెనీలు సీసాల్లో అమ్మే ద్రవంలో ఎక్కువగా ఉండేది నిమ్మ ఉప్పే. పులిహోరకూ పానకానికీ నిమ్మకాయ దొరకనప్పుడు వాడే ఆ నిమ్మ ఉప్పు పొట్లమే కొని, లీటరు గోరువెచ్చని నీళ్ళకు రెండు టేబుల్ స్పూన్లు కలుపుతాను. వినిగరు కూడా సున్నాన్ని కరిగిస్తుంది గానీ, రబ్బరు రింగులకు దాని వాసన పట్టి వారం రోజులు కాఫీ ఆవకాయ జాడీలా ఉంటుంది. కొన్ని కంపెనీలు వద్దనే చెబుతాయి. పాడ్ లేకుండా, పెద్ద కప్పు కింద పెట్టి, ఆ నీళ్ళను సగం వరకు పంపి, యంత్రాన్ని ఆపి, అరగంట వదిలేసి, మిగతా సగం పంపాలి. మొదటిసారి కప్పులో పడ్డ నీళ్ళను వెలుతురులో పట్టి చూస్తే, పలచని మజ్జిగలా తెల్లబారి, అడుగున గుడ్డు పెంకు తునకల్లాంటి పలుకులు కనిపించాయి. అవే గొట్టంలో ఉండి ఉంటే ఏమయ్యేదో మొదటి యంత్రం నేర్పిందే. తరవాత మామూలు నీళ్ళను కనీసం ఎనిమిది పది కప్పులు పంపి, చివరి కప్పును నాలుక మీద వేసుకుని పులుపు లేదని చూసుకోవాలి. మొత్తం గంట పని. ట్యాంకు ఉన్న యంత్రమైతే ఈ పని మొదలుపెట్టేముందు బొగ్గు వడపోతను బయటికి తీయడం మరిచిపోకూడదు.

ఊరెళ్ళేముందు గూడు, పళ్ళెం ఖాళీ చేసి ఆరబెట్టడంతోపాటు, చలికాలంలో యంత్రాన్ని గరాజ్‌లో పెట్టకుండా చూసుకోవాలి. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకడితే గొట్టాలు పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా మంచులో బిగుసుకుపోయి కరెంటు పోయిన రోజుల్లో, మొదటి యంత్రం గట్టు మీద దిష్టిబొమ్మలా కూర్చుంటే, గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, అటక మీది స్టీలు ఫిల్టరు దించి, పక్కింటి మెక్సికన్ దంపతులకు కూడా డికాక్షన్ కాఫీ ఇచ్చాను. అప్పటినుంచి ఆ ఫిల్టరును మళ్ళీ అటకెక్కించలేదు. శని, ఆదివారాలు, చుట్టాలొచ్చిన రోజులు దానివే.

ఇంట్లో ఇద్దరికి మించి కాఫీ తాగేవాళ్ళుంటే ఈ యంత్రం కొనవద్దని చెబుతాను. నాలుగు కప్పులకు నాలుగుసార్లు నీళ్ళు పోసి, నాలుగుసార్లు జాలి కడిగేసరికి ఫిల్టరులో డికాక్షన్ రెండుసార్లు దిగుతుంది. ఒక్కరే తాగేవారై, పొద్దున్న హడావుడి ఉండి, నెలకో అయిదు నిమిషాలు, మూడు నెలలకో గంట దానికి కేటాయించగలిగినవాళ్ళు నిస్సందేహంగా కొనుక్కోవచ్చు: ట్యాంకు లేనిది, సొంత పొడి గిన్నె పట్టేది, 4 ఔన్సుల కప్పు ఇవ్వగలది దొరికితే వంద డాలర్ల లోపే తీసుకోండి, రంగు తెరలూ ఫోను యాపులూ ఉన్నవాటి జోలికి వెళ్ళకండి. నాది 6 ఔన్సులకు తగ్గదు. అందుకే యంత్రం పక్కన ఎప్పుడూ రెండు పాత్రలు ఉంటాయి, మొదటి డికాక్షన్‌కు స్టీలు గ్లాసు, మిగతాదానికి చెవి విరిగిన ఒక పింగాణీ కప్పు.